చార్జింగ్ ఆపేది ఎవరు? చార్జర్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న

మా నాన్న బీపీ మెషిన్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. మేనల్లుడి రిమోట్ కారుకి ఇంకో నాలుగు. కారు సెల్స్ రెండు రోజులకే అయిపోయేవి. వాడు చప్పుడు చేయకుండా బీపీ మెషిన్‌లోవి లాగేసుకునేవాడు. ఈ గొడవ పడలేక కొన్నేళ్ళ క్రితం బజార్లో చార్జరూ నాలుగు సెల్సూ కలిపి ఒకే ప్యాకెట్‌గా అమ్ముతుంటే, చవగ్గా ఉంది కదా అని తెచ్చాను. చార్జర్ మీద ఒకే ఒక్క ఎర్ర లైటు. ప్లగ్‌లో పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది, అంతే. ఒక శనివారం రాత్రి పెట్టి మర్చిపోయాం. ఆదివారం పదింటికి తీయబోతే చెయ్యి చురుక్కుమంది. సెల్స్ మీది ప్లాస్టిక్ తొడుగు అంచుల్లో ముడుచుకుపోయి ఉంది. లైటు మాత్రం అదే ఎరుపు. మూడు నెలలు తిరక్కుండానే, ఆ సెల్స్ రాత్రంతా చార్జ్ చేసి పెట్టినా బీపీ మెషిన్ 'లో బ్యాటరీ' గుర్తు చూపించడం మొదలుపెట్టింది. "రీచార్జబుల్ అంటే ఇంతేరా, డబ్బు దండగ" అని నాన్న తేల్చేశారు.

ఆ సెల్స్ పాపం బాగానే ఉండేవి. వాటిని చంపింది చార్జర్. దానికి కరెంటు ఎక్కించడం వచ్చు, ఆపడం రాదు.

అప్పట్నుంచి ఏ చార్జర్ చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే. బ్యాటరీ నిండాక ఆపేది ఎవరు? ఎన్ని వాట్లు, ఎంత త్వరగా అన్నవి ఆ తర్వాతే. ఫోన్ విషయంలో ఆపేది ఒకరు, పెన్సిల్ సెల్స్ విషయంలో ఇంకొకరు, ఇన్వర్టర్ దగ్గర వేరొకరు. అది తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో దానంతట అదే తెలుస్తుంది.

ముందు, చేతిలో ఉన్నది ఏ సెల్?

పెన్సిల్ సెల్స్ అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాటి ఒంటి మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని అయినా చూడండి. ఆర్6 అని ఉంటే మామూలు జింక్ కార్బన్ సెల్. ఎల్ఆర్6 అంటే ఆల్కలైన్. హెచ్ఆర్6 అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్, అంటే రీచార్జబుల్. రిమోట్లలో వేసే సన్న సెల్స్ అయితే 6 బదులు 03 ఉంటుంది. మన చార్జర్లలోకి వెళ్ళాల్సింది హెచ్ఆర్ అని ఉన్నవి మాత్రమే. ఆల్కలైన్ సెల్‌ని చార్జర్‌లో పెడితే లోపల గ్యాస్ పుట్టి కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, చర్మం మీద పడితే మంట. "ఒక్కసారికి ఏం కాదులే" అనే ప్రయోగం వద్దు.

ఇంకో అనుమానం అందరికీ వస్తుంది. ఆల్కలైన్ మీద 1.5 ఓల్టులు అని ఉంటుంది, రీచార్జబుల్ మీద 1.2 అని. తక్కువ కదా, పనిచేస్తుందా? దాదాపు అన్నిట్లోనూ పనిచేస్తుంది. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలైనా, వాడుతున్న కొద్దీ మెట్లు దిగినట్టు దిగుతూ పోతుంది. సగం ప్రయాణానికే 1.2 దగ్గర్లో ఉంటుంది. నికెల్ సెల్ 1.2 చుట్టూనే చివరిదాకా నిలబడి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కెమెరా ఫ్లాష్, ఆటబొమ్మలు, గేమ్ కంట్రోలర్, వైర్‌లెస్ మైక్ లాంటి ఎక్కువ కరెంటు లాగే వాటిలో ఆల్కలైన్ కంటే ఇదే మేలు.

ఆ ఒక్కసారిగా పడిపోయే గుణం వల్లే కొన్నిచోట్ల వద్దంటాను. తలుపుకి పెట్టిన డిజిటల్ తాళం ఒకటి. బ్యాటరీ తగ్గిందని అది హెచ్చరించే లోపే సెల్ చేతులెత్తేస్తే మీరు గుమ్మం బయట నిలబడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో పొగ అలారాలు ఉంటాయి. రీచార్జబుల్ వేయొద్దని వాటి తయారీదారులే సాధారణంగా రాస్తారు. గోడ గడియారానికి కూడా దండగే. ఏడాదికోసారి మార్చే చవకైన ఆర్6 సెల్ దానికి చాలు.

సెల్స్‌లో రెండు రకాలు, ఒక మోసం

పాతకాలపు నికెల్ సెల్స్‌కి ఒక జబ్బు ఉండేది. చార్జ్ చేసి డ్రాయర్‌లో పడేస్తే, వాడకపోయినా రెండు మూడు నెలల్లో వాటంతటవే ఖాళీ అయ్యేవి. 2005లో జపాన్‌కి చెందిన సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో ఆ జబ్బు తగ్గించిన సెల్స్ తెచ్చింది. తర్వాత సాన్యో పానాసోనిక్‌లో కలిసింది, ఇప్పుడు ఎనెలూప్ పానాసోనిక్ పేరు మీదే వస్తోంది. నెలల తరబడి చార్జ్ నిలుపుకునే ఈ రకం ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. ప్యాకెట్ మీద 'రెడీ టు యూజ్' అనో 'ప్రీ చార్జ్‌డ్' అనో ఉంటే ఆ రకం అన్నట్టు. అది లేనిది కొనకండి.

ఇక మామూలుదా, ఎక్కువ కెపాసిటీదా? ఎనెలూప్‌నే ఉదాహరణగా తీసుకుంటే, మామూలు తెల్ల సెల్‌కి కెపాసిటీ సుమారు 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందనే కొలత), నల్లటి ప్రో సెల్‌కి 2500. ప్రో గొప్పదనిపిస్తుంది కదా. కానీ కంపెనీ చెప్పే లెక్క ప్రకారమే తెల్లదాన్ని 2100 సార్లు చార్జ్ చేయొచ్చు, ప్రోని 500 సార్లు. అదే సైజు డబ్బాలో ఎక్కువ సరుకు కుక్కితే లోపలి పొరలు పల్చనవుతాయి, ఆయుష్షు తగ్గుతుంది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ అయితే ఫ్లాష్‌కి ప్రో తీసుకోవాలి, మధ్యలో సెల్స్ మార్చే తీరిక ఉండదు. ఇంటికి మాత్రం నేను తెల్లదే చెబుతాను, ఆలోచించకుండా.

మోసం సంగతి. డబుల్ ఏ, అంటే మామూలు పెన్సిల్ సెల్ సైజు నికెల్ సెల్‌లో నిజంగా పట్టేది 2700 ఎంఏహెచ్ దరిదాపు వరకే. ట్రిపుల్ ఏ, అంటే సన్న సెల్‌లో 1000 చుట్టూ. 3500, 4000 అని రాసి ఉన్న నికెల్ సెల్ కనబడితే పక్కకు జరగండి. టార్చిలైట్లలో వేసే 18650 లిథియం సెల్స్‌లో ఇంకా దారుణం. పేరున్న కంపెనీలు ఎన్నో ఏళ్ళు కష్టపడి 3500 దాటించడానికి తంటాలు పడితే, ఊరూ పేరూ లేని సెల్ మీద 9900 అని ఉంటుంది. తూకం వేసి చూడండి, అసలైన 18650 నలభై అయిదు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అబద్ధం చెప్పే సెల్ చాలాసార్లు తేలిగ్గా ఉండి దొరికిపోతుంది.

పెన్సిల్ సెల్స్ చార్జర్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

నికెల్ సెల్‌కి సొంత తెలివి లేదు. లోపల ఏ సర్క్యూటూ ఉండదు. ఆపాల్సిన బాధ్యత మొత్తం చార్జర్‌దే. అందుకే ఇక్కడ మూడు రకాల చార్జర్ల మధ్య తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

మొదటి రకం నేను తెచ్చిన లాంటిది. అసలు ఆపనే ఆపదు, మనమే గడియారం చూసుకుని తీయాలి. దీని గురించి ఇంతకంటే మాట్లాడక్కర్లేదు.

రెండోది టైమర్ చార్జర్. పది గంటలో పన్నెండు గంటలో అయ్యాక దానంతట అదే ఆగుతుంది. పేరున్న కంపెనీల చవక ప్యాకెట్లలో ఇదే వస్తుంది. వినడానికి బాగానే ఉంది, మన ఇళ్ళలో దీనికి రెండు చిక్కులు. సెల్ సగం నిండి ఉన్నా, పూర్తిగా ఖాళీగా ఉన్నా అది పెట్టే టైమ్ ఒకటే. రెండోది కరెంటు కోత. తొమ్మిది గంటలు చార్జ్ అయ్యాక ఐదు నిమిషాలు కరెంటు పోయి వచ్చిందనుకోండి, చాలా టైమర్లు మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి. అప్పటికే నిండిన సెల్స్‌కి ఇంకో పది గంటల వడ్డన. పైగా ఇవి చాలావరకు జతలుగానే చార్జ్ చేస్తాయి, రెండు సెల్స్‌ని ఒకదాని వెనక ఒకటి కలిపి. ఒక సెల్ నిండుగా, రెండోది ఖాళీగా ఉంటే నిండినది ఉడుకుతుంది, ఖాళీది ఆకలితోనే బయటికొస్తుంది. ఒకటో మూడో సెల్స్ చార్జ్ చేయాలంటే కుదరదు. కొనేటప్పుడు దీన్ని కనిపెట్టడం తేలిక. నాలుగు గదులకి రెండే లైట్లు ఉంటే అది జతల చార్జర్.

మూడోది, నేను కొనమనేది, ఒక్కో గదికి ఒక్కో లైటు ఉండే స్మార్ట్ చార్జర్. 'ఇండివిడ్యువల్ చానల్' అని ప్యాకెట్ మీద రాస్తారు. ప్రతి సెల్‌నీ విడిగా గమనిస్తుంది, నిండినదాన్ని నిండగానే ఆపేస్తుంది, మిగతావి కొనసాగిస్తుంది.

అది ఎలా కనిపెడుతుందో ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. చిన్న తెర ఉన్న చార్జర్ అది, సెల్ ఓల్టేజీ చూపిస్తుంది. ఖాళీ సెల్ పెట్టగానే 1.30 ఎంతో ఉంది. గంటలో 1.40 దాటింది, ఆ తర్వాత చాలాసేపు అక్కడక్కడే. చివర్లో మళ్ళీ కదలిక మొదలైంది. 1.45, 1.47, 1.48. వేలు పెట్టి చూస్తే అప్పుడే వేడెక్కుతోంది. 1.48 దగ్గర కొంచెంసేపు ఆగి, 1.47కి దిగింది. అంతే, ఆ గది ఆగిపోయింది. పొయ్యి మీద పాలు పొంగు రాగానే మంట తగ్గించినట్టు.

జరిగేది ఇది. సెల్ నిండేదాకా వచ్చే కరెంటు రసాయనంగా మారి నిల్వ అవుతుంది. నిండాక ఇంకా ఎక్కిస్తే ఆక్సిజన్ పుట్టడం మొదలవుతుంది, అది లోపలే మళ్ళీ కలిసిపోతూ వేడి పుట్టిస్తుంది. వేడి పెరిగితే ఓల్టేజీ ఇసుమంత తగ్గుతుంది. సెల్‌కి ఐదారు మిల్లీ ఓల్టులు, అంటే ఓల్టులో వెయ్యో వంతులు ఐదో ఆరో. ఆ చిన్న పతనాన్ని పట్టుకునేదే మంచి చార్జర్. కొన్ని దీంతోపాటు వేడిని కూడా కొలుస్తాయి, ఏదో కారణంగా ఈ రెండూ తప్పిపోతే ఆపడానికి ఒక టైమర్ కూడా పెట్టుకుంటాయి. ఆపకపోతే లోపలి ఒత్తిడి పెరిగి సెల్ తల దగ్గరున్న చిన్న కవాటం తెరుచుకుంటుంది, తడి బయటికి పోతుంది, సెల్ ఎండిపోతుంది. మా మొదటి నాలుగూ అలాగే పోయాయి.

ఇక్కడే ఒక పాత నమ్మకం బోల్తా కొడుతుంది. "నెమ్మదిగా చార్జ్ చేస్తే బ్యాటరీకి మంచిది" అంటారు. నికెల్ సెల్స్ విషయంలో అది సగం నిజం. మరీ నెమ్మదిగా, అంటే 2000 ఎంఏహెచ్ సెల్‌కి 200 మిల్లీ ఆంపియర్లతో ఎక్కిస్తే వేడి పెద్దగా పుట్టదు. పుట్టకపోతే ఆ ఓల్టేజీ పతనం కూడా కనబడదు. ఓల్టేజీ పడటాన్ని చూసి ఆపే చార్జర్ దాన్ని గుర్తించక ఎక్కిస్తూనే ఉంటుంది. కరెంటు ఎంచుకునే వీలున్న చార్జర్‌లో డబుల్ ఏకి 500 నుంచి 1000 మధ్య, ట్రిపుల్ ఏకి 300 నుంచి 500 మధ్య పెట్టండి. మే నెలలో 500 వైపే ఉంచండి. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల మధ్యాహ్నం గదిలోనే సెల్ సగం ఉడికి ఉంటుంది, ఆ వేడిలో అది చార్జ్ సరిగా పట్టదు కూడా. ఎండాకాలం తెల్లవారుజామున పెట్టడం నా అలవాటు.

ఎంతసేపు పడుతుందో లెక్క కష్టం కాదు. కెపాసిటీని కరెంటుతో భాగించి, దానికి అయిదో వంతు కలపండి. 2000 సెల్, 500 కరెంటు అయితే నాలుగు గంటలు, కలిపితే దాదాపు ఐదు. పదిహేను నిమిషాల్లో నింపేస్తాం అనే చార్జర్లు ఉంటాయి. నిజంగానే నింపుతాయి, సెల్స్ ఆయుష్షులోంచి తీసుకుని.

మరి తెర ఉన్న చార్జర్ అవసరమా? లీటోకాలా లీ-500 లాంటివి నికెల్, లిథియం రెండిటినీ చార్జ్ చేస్తాయి, 300, 500, 700, 1000 అని కరెంటు ఎంచుకోనిస్తాయి, సెల్‌ని ఖాళీ చేసి నింపి అసలు కెపాసిటీ ఎంతో కొలిచి చూపిస్తాయి. ఇంట్లో పది పదిహేను సెల్స్ ఉన్నవాళ్ళకి, పిచ్చి ఉన్నవాళ్ళకి (నాకుంది) ఇది బంగారం. ఏ సెల్ ముసలిదైందో అంకెల్లో తెలుస్తుంది. నాలుగు సెల్స్ మాత్రమే ఉన్న ఇంటికి ఒక్కో గదికీ లైటు ఉన్న మామూలు స్మార్ట్ చార్జర్ చాలు. పానాసోనిక్‌వే చూస్తే బీక్యూ-సీసీ17 ఆ రకం, ఏడు గంటల్లో నాలుగు సెల్స్ నింపుతుంది. సీసీ55 దానికంటే వేగం, నాలుగింటికి మూడు గంటలు. సీసీ51 టైమర్ రకం, జతలుగా చార్జ్ చేస్తుంది, దాన్ని వదిలేయండి. పెట్టె మీద పేరొకటే అయినా లోపలున్నది వేరు, మోడల్ నంబరు చదివే కొనండి.

లిథియం వచ్చాక పెరిగిన గందరగోళం

పెన్సిల్ సెల్ సైజులోనే ఇప్పుడు లిథియం సెల్స్ కూడా దొరుకుతున్నాయి, రెండు రకాలుగా. ఒకటి 14500 అనే సెల్. సైజు అచ్చం డబుల్ ఏ, ఓల్టేజీ 3.7. పొరపాటున మౌస్‌లోనో బొమ్మలోనో వేస్తే దాని పని అయిపోయినట్టే. రెండోది 1.5 ఓల్టుల లిథియం సెల్. ఒంటి మీదే యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, లేదా దానికి ప్రత్యేక పెట్టె ఇస్తారు. లోపల చిన్న సర్క్యూట్ ఉండి 3.7ని 1.5కి తగ్గిస్తుంది. ఇది మంచిదే, ఓల్టేజీ చివరిదాకా 1.5 దగ్గర నిలబడుతుంది. కానీ దీన్ని నికెల్ చార్జర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు సెల్స్ మార్చే అలవాటుంటే రెండు రకాలూ కలిపి ఉంచొద్దు. నేనైతే ఇంట్లో నికెల్ ఒక్కటే పెట్టుకున్నాను. ఏది ఎందులో పెట్టాలన్న టెన్షన్ ఉండదు.

విడి 18650 సెల్స్ వాడేవాళ్ళకి ఒక మాట. లిథియం అయాన్ సెల్‌ని 4.2 ఓల్టుల దగ్గర ఆపాలి. చార్జర్ ముందు స్థిరమైన కరెంటు ఇచ్చి, 4.2 చేరాక ఓల్టేజీని పట్టి ఉంచి కరెంటు తగ్గిస్తూ పోతుంది. సోలార్ లైట్లలో వచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ అయితే 3.65 దగ్గరే ఆగాలి. సైజు ఒకటే, పరిమితులు వేరు. దేన్ని దేనిలో పెడుతున్నారో సెల్ మీద చదవకుండా పెట్టొద్దు. 2.5 ఓల్టుల కంటే కింద పడి నెలల తరబడి ఉన్న లిథియం సెల్‌ని 'బతికించే' వీడియోలు చాలా తిరుగుతుంటాయి. అలాంటి సెల్‌లో రాగి కరిగి లోపలే షార్టయ్యే దారులు ఏర్పడతాయి. బతికినట్టే కనబడి తర్వాత మండొచ్చు. నికెల్ సెల్ మరీ దిగిపోయి స్మార్ట్ చార్జర్ గుర్తించకపోతే కాసేపు ఆపడం రాని పాతరకం చార్జర్‌లో పెట్టి లేపొచ్చు, పక్కనే ఉండి పది నిమిషాలు. ఆ చిట్కాని లిథియానికి అన్వయించొద్దు.

ఫోన్: అసలు చార్జర్ ఫోన్‌లోనే ఉంది

గోడకి పెట్టేదాన్ని చార్జర్ అంటాం గానీ అది అడాప్టర్ మాత్రమే. 230 ఓల్టుల కరెంటుని తక్కువ ఓల్టుల కరెంటుగా మార్చి ఇస్తుంది. ఎంత తీసుకోవాలి, ఎప్పుడు ఆపాలి అని తేల్చేది ఫోన్ లోపలి సర్క్యూట్. కాబట్టి "ల్యాప్‌టాప్ 65 వాట్ల చార్జర్ ఫోన్‌కి పెడితే పేలుతుందా" అంటే, పేలదు. యూఎస్‌బీ పీడీ (పవర్ డెలివరీ) అనే చార్జింగ్ పద్ధతిలో ముందు 5 ఓల్టులతో మొదలై, ఫోన్ అడిగితేనే ఎక్కువ ఇస్తుంది. రాత్రంతా పెట్టినా ఫోన్ తనే ఆపుకుంటుంది. అయితే నూరు శాతం దగ్గర, వేడిగా, గంటల తరబడి ఉండటం లిథియానికి పడదు. ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే వేసుకోండి, దిండు కింద పెట్టి చార్జ్ చేయకండి.

అడాప్టర్‌లో చూడాల్సింది భద్రత. 230 ఓల్టుల వైపుకీ మన చేతిలోకొచ్చే తీగకీ మధ్య ఉండే అడ్డుగోడ లోపలి ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ వదిలే ఖాళీ. నకిలీలు కక్కుర్తి పడేది అక్కడే. మన దేశంలో మొబైల్ అడాప్టర్లకీ, పవర్ బ్యాంకులకీ, రీచార్జబుల్ సెల్స్‌కీ బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అడాప్టర్ మీద ఐఎస్ 13252 లాంటి, సెల్ మీద ఐఎస్ 16046 లాంటి ప్రమాణం నంబరూ, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉంటుంది. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో చూపిస్తుంది. షాపులోనే కొట్టి చూడండి. షాపతను చిరాకు పడితే పడనీయండి.

వన్‌ప్లస్, ఒప్పో లాంటి ఫోన్లకి సొంత వేగపు పద్ధతులున్నాయి. మామూలు పీడీ అడాప్టర్‌తో అవి నెమ్మదిగా చార్జ్ అవుతాయి, పాడవవు. ఫోన్లు, ట్యాబ్, ల్యాప్‌టాప్ అన్నిటికీ ఒకటే కొనాలనుకుంటే పేరున్న కంపెనీ 65 వాట్ల పీడీ అడాప్టర్ తీసుకోండి. ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు దాటి కావాలంటే మాత్రం కేబుల్ 5 ఆంపియర్లది ఉండాలి. అడాప్టర్ మార్చి, పాత కేబుల్‌తోనే చార్జ్ చేస్తూ "స్పీడ్ రాలేదు" అనేవాళ్ళు చాలామంది.

ఇన్వర్టర్, స్కూటర్

ఇన్వర్టర్ బ్యాటరీకి చార్జర్ ఇన్వర్టర్‌లోనే ఉంటుంది. 12 ఓల్టుల బ్యాటరీని 14 పైచిలుకు దాకా తీసుకెళ్ళి, నిండాక 13.5, 13.8 మధ్య నిలబెడుతుంది. చాలావాటి వెనక ట్యూబ్యులర్, ఫ్లాట్ ప్లేట్, ఎస్ఎంఎఫ్ అని బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ ఉంటుంది. బ్యాటరీ మార్చినప్పుడు ఆ స్విచ్‌ని ఎవరూ పట్టించుకోరు, మెకానిక్ కూడా. మూత తీయని ఎస్ఎంఎఫ్ బ్యాటరీకి ట్యూబ్యులర్ సెట్టింగ్ పెడితే నీరు ఆవిరైపోతుంది, తిరిగి పోసే దారి ఉండదు. పాత ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ తగిలించే ముందు ఆ ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే రెండూ కలిపి మార్చాలి.

ట్యూబ్యులర్ బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు పట్టి పోయడం మన ఇళ్ళలో పెద్ద పొదుపు చిట్కాగా నడుస్తోంది. ఆ నీళ్ళు ఏసీ కాయిల్ మీది దుమ్మునీ లోహాన్నీ కడుక్కుని వస్తాయి. ఆర్‌వో నీళ్ళలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీ ధరతో పోలిస్తే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎంత? చార్జ్ అయ్యాక, ఇండికేటర్‌లోని గుర్తుల మధ్యకి వచ్చేలా పోయండి. యాసిడ్ మాత్రం పోయకండి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బ్యాటరీని దేవుడి గూటి కిందో, మూసిన అలమరాలోనో పెట్టకండి. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ఇన్వర్టర్‌కి మెయిన్ కరెంటు ఆపేసి వెళితే, ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది. చార్జింగ్‌లో వదిలి వెళ్ళడమే నయం.

స్కూటర్ గురించి ఎంపిక అనేదే లేదు. కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప ఇంకోటి వద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. బ్యాటరీ విప్పి లోపలికి తెచ్చుకునే రకమైతే పడుకునే గదిలో, బయటికెళ్ళే దారిలో పెట్టకండి. ఎండలో తిప్పి వచ్చిన వెంటనే కాకుండా చల్లబడ్డాక పెట్టండి. వరండాలో ప్లగ్ పాయింట్ ఒకటి వేయించుకోవడానికి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే డబ్బు దండగ కాదు.

రోజువారీ జాగ్రత్తలు

సెల్స్‌ని సెట్లుగా వాడండి. మార్కర్‌తో ఒక సెట్ మీద ఏ1 నుంచి ఏ4, ఇంకో సెట్ మీద బీ1 నుంచి బీ4 అని, కొన్న నెల కూడా రాయండి. కొత్తదీ పాతదీ కలిపి ఒకే పరికరంలో వేస్తే ముందుగా అయిపోయిన సెల్‌లోకి మిగతావాటి కరెంటు ఎదురు తిరిగి ఎక్కుతుంది, అది పాడవుతుంది. టార్చి మసకబారగానే తీసేయాలి, చివరి చుక్క దాకా పిండకూడదు. ఎప్పుడో పాత రకం నికెల్ కాడ్మియం సెల్స్ కాలంలో 'పూర్తిగా ఖాళీ చేసి చార్జ్ చేయాలి' అన్న మాట ఇప్పటి నికెల్ సెల్స్‌కి పనికిరాదు, లిథియానికి అసలే పనికిరాదు. ఏడాది పాటు డ్రాయర్‌లో ఉన్న నికెల్ సెల్స్ మందకొడిగా ఉంటే మాత్రం రెండు మూడు సార్లు వాడి చార్జ్ చేస్తే లేచి కూర్చుంటాయి.

విడి సెల్స్‌ని జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేసుకోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తీసినప్పుడు తేమ పడుతుంది. లిథియం బ్యాటరీని నెలల తరబడి వాడకుండా పెట్టాల్సి వస్తే సగం చార్జ్‌తో పెట్టండి. విమానంలో పవర్ బ్యాంకులు, విడి లిథియం సెల్స్ చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, పవర్ బ్యాంక్ అయితే సుమారు 27,000 ఎంఏహెచ్.

ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చి చూడకండి, నొక్కి మూత బిగించకండి. చార్జింగ్ ఆపి, మండే వస్తువులకి దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. చార్జింగ్‌లో ఉన్నదేదైనా తియ్యటి ఘాటు వాసన వేసినా, బుసబుసమన్నా మెయిన్ ఆపి, మనుషుల్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయాలి.

చచ్చిపోయిన సెల్స్‌ని చెత్తబుట్టలో వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులదే. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే పాతది ఇస్తే కొత్తదాని మీద ధర తగ్గిస్తారు, ఆ బేరం మనకి బాగానే తెలుసు. చిన్న సెల్స్‌ని రెండు కొసలకీ టేపు అంటించి ఒక డబ్బాలో పోగేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇస్తున్నాం. మా డబ్బాలో అడుగున ఇంకా ఆ మొదటి నాలుగూ ఉన్నాయి, తొడుగు ముడుచుకుపోయినవి. నాన్న బీపీ మెషిన్‌లో ఇప్పుడున్నవి బీ1 నుంచి బీ4, నాలుగో ఏడు నడుస్తోంది. రిమోట్ కారుకి ఏ సెట్. మేనల్లుడికి అక్షరాలు వచ్చాయి కాబట్టి, తప్పు సెట్ తీస్తే తెలియదనడానికి లేదు.